నూనెలో వెలిగే రంగు: దేన్ని ఎంచుకోవాలి, ఎందుకు?

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



అమెరికాలో కారు ఉన్న ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు మెకానిక్ నోట ఈ మాట వినే ఉంటారు: "ఎక్కడో లీక్ ఉందండీ, డై వేసి చూడాలి." ఆ తరువాత ఆయన ఒక చిన్న సీసాలోంచి పసుపుపచ్చటి ద్రవం పోస్తాడు, బండిని కాసేపు నడిపి రమ్మంటాడు, ఊదారంగు లైటు వేసి బానెట్ కింద వెతుకుతాడు. ఎక్కడో ఒక పైపు అతుకు దగ్గర ఆకుపచ్చగా మెరుస్తుంది. లీక్ దొరుకుతుంది, బిల్లు చేతికొస్తుంది. ఆ సీసాలో ఏముందని మనం అడగం.

ఈ వారం ఆ సీసాలో ఏముందో మాట్లాడుకుందాం. నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంట్ని. మాస్టర్స్‌లో చదివింది మాత్రం మెటీరియల్స్ ఇంజనీరింగ్. తనిఖీ రికార్డుల సాఫ్ట్‌వేర్ పని మీద విమాన ఇంజన్ భాగాలు పరీక్షించే చోట్లకి వెళ్ళవలసి రావడంతో ఈ విషయం మళ్ళీ దగ్గరయ్యింది. కారు ఏసీలో లీక్ పట్టే రంగూ, విమానం ఇంజన్‌లో పగులు పట్టే రంగూ దాదాపు ఒకే కుటుంబానివి. రెండింటికీ కావలసిన మొదటి గుణం ఒకటే: నూనెలో పూర్తిగా, సమంగా కరగాలి. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ, దీని మీద ప్రాణాలు ఆధారపడిన సందర్భాలున్నాయి. అవీ చెబుతాను.

వెలగడం అంటే ఏమిటి?

కొన్ని పదార్థాలు మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలని పీల్చుకుని, అందులో కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుని, మిగిలినదాన్ని కంటికి కనిపించే వెలుగుగా బయటికి వదులుతాయి. దీన్నే ఫ్లోరసెన్స్ అంటారు, తెలుగులో ప్రతిదీప్తి అనే మాట వాడుతున్నారు. లైటు ఆర్పగానే ఈ వెలుగూ ఆరిపోతుంది. పిల్లల గది పైకప్పుకి అంటించే నక్షత్రాలు లైటు తీసేశాక కూడా వెలుగుతుంటాయి కదా, అది వేరే జాతి.

ఇంట్లో చూడాలంటే ఒక బ్లాక్ లైట్ టార్చి చాలు. టానిక్ వాటర్ నీలంగా వెలుగుతుంది, అందులో క్వినైన్ ఉంటుంది కనుక. డిటర్జెంట్‌తో ఉతికిన తెల్లచొక్కా మెరుస్తుంది, అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉంటుంది కనుక. మన వంటింటి పసుపు కూడా వెలుగుతుంది. ఆ సంగతి కాస్త ఆగి చెప్పుకుందాం, ఎందుకంటే ఈ మొత్తం పాఠాన్ని పసుపు ఒక్కటే నేర్పగలదు.

ఇద్దరు అన్నదమ్ముల కథ

ఈ రంగుల చరిత్ర అమెరికాలో ఒక ప్రమాదంతో మొదలయ్యింది. 1933లో కాలిఫోర్నియాలో రాబర్ట్ స్విట్జర్ అనే విద్యార్థి వేసవి ఉద్యోగంలో పడిపోయి తలకి బలమైన దెబ్బ తగిలించుకున్నాడు. చూపు దెబ్బతింది. చీకటిగదిలో విశ్రాంతి తీసుకోమన్నారు డాక్టర్లు. తమ్ముడు జోసెఫ్‌కి ఇంద్రజాల ప్రదర్శనలంటే సరదా. చీకట్లో వెలిగే వస్తువులుంటే ప్రదర్శన రక్తికడుతుందని అతని ఆలోచన. అన్నదమ్ములిద్దరూ ఒక బ్లాక్ లైట్ తయారుచేసుకుని, తండ్రి నడిపే మందులషాపులోకి వెళ్ళి, చీకట్లో ఒక్కొక్క సీసా మీదా వెలుతురు వేసి చూశారు. కొన్ని సీసాలు వెలిగాయి. అక్కడినుంచి వాళ్ళు వెలిగే రంగులు కలపడం మొదలుపెట్టారు. తరువాత ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌కి మారారు. ఈరోజు రోడ్డుపని చేసేవాళ్ళ చొక్కాల మీదా ట్రాఫిక్ కోన్ల మీదా చూసే కళ్ళు చెదిరే నారింజరంగు డే-గ్లో వాళ్ళదే. 2012లో అమెరికన్ కెమికల్ సొసైటీ ఈ పనిని జాతీయ చారిత్రక రసాయన ఘట్టంగా గుర్తించింది.

మనకి కావలసిన ముక్క వేరే ఉంది. రైల్వే వర్క్‌షాపుల్లో అప్పటికే ఒక పాత పద్ధతి ఉండేది. ఇరుసులూ చక్రాలూ నూనెలో నానబెట్టి, తుడిచి, పైన సుద్దపొడి పూసేవారు. ఎక్కడైనా పగులుంటే అందులో చేరిన నూనె మెల్లిగా బయటికొచ్చి సుద్ద మీద మరక వేసేది. పెద్ద పగుళ్ళు అలా దొరికేవి, సన్నవి దొరికేవి కావు. ఆ నూనెలో వెలిగే రంగు కరిగిస్తే సన్న పగులు కూడా చీకట్లో గీతలా మెరుస్తుందని రాబర్ట్ స్విట్జర్ గ్రహించాడు. 1941లో పేటెంట్ వచ్చింది. మాగ్నాఫ్లక్స్ అనే కంపెనీ 1942లో జైగ్లో అనే పేరుతో దాన్ని బజారులోకి తెచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో విమాన భాగాల తనిఖీకి అది బాగా పనికొచ్చింది. నేటికీ ప్రపంచమంతటా విమాన ఇంజన్ భాగాలని ఈ పద్ధతిలోనే పరీక్షిస్తున్నారు.

పద్ధతి ఇప్పుడు ఇలా ఉంటుంది. భాగాన్ని శుభ్రంగా కడుగుతారు. రంగునూనె పూసి కొన్ని నిమిషాలు వదిలేస్తారు. పైన ఉన్న నూనెని కడిగేస్తారు, పగుళ్ళలో ఉన్నది మాత్రం మిగులుతుంది. సుద్దలాంటి తెల్లపొడి చల్లుతారు, అది పగుల్లోని నూనెని పైకి లాగుతుంది. చీకటిగదిలో బ్లాక్ లైట్ కింద మనిషి కూర్చుని కళ్ళతో వెతుకుతాడు.

సీసాలో మెరిస్తే చాలదు

ఇక్కడే అసలు చిక్కు. సీసాలో ఉన్న నూనె ఒక సెంటీమీటరు మందం అనుకోండి. పగుల్లో ఉన్న నూనె మందం మైక్రాన్లలో ఉంటుంది. ఒక మైక్రాన్ అంటే సెంటీమీటరులో 10,000వ వంతు. సీసాలో ధగధగలాడే రంగు ఆ సన్నటి పొరలో దాదాపు ఏమీ కనిపించకపోవచ్చు. అంచేత నూనెలో రంగు చాలా ఎక్కువ మోతాదులో కరిగి ఉండాలి. ఎక్కువ మోతాదులో కరగాలంటే రంగుకి నూనెతో మంచి స్నేహం ఉండాలి. కరగకుండా పొడిగా తేలితే ఆ రేణువులు సన్నపగుల్లోకి దూరవు, గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. లోపలికి ఉత్త నూనె వెళుతుంది. రంగు బయటే ఉండి కడిగేటప్పుడు పోతుంది. తనిఖీ చేసేవాడికి ఏమీ కనిపించదు, "పగులు లేదు" అని రాసేస్తాడు.

సమంగా కరగడం అనే మాటకి ఇంత బరువుంది. ఇక రంగుని ఎంచుకోవడంలో అడగవలసిన ప్రశ్నలు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి ప్రశ్న: ఏ నూనె?

ఏ గూటి పక్షి ఆ గూటికే చేరుతుంది. ఉప్పు నీళ్ళలో కరుగుతుంది, నూనెలో కరగదు. కర్పూరం నూనెలో కరుగుతుంది, నీళ్ళలో దాదాపు కరగదు. రంగులూ అంతే.

వెలిగే రంగుల అణువులు సాధారణంగా బల్లపరుపుగా ఉంటాయి. అప్పడాల కట్టలాగా ఒకదాని మీద ఒకటి పేర్చుకుని గట్టిగా అతుక్కుంటాయి. ఆ కట్టని నూనె విడదీయగలిగితేనే రంగు కరిగినట్టు. రసాయన శాస్త్రజ్ఞులు దీనికో ఉపాయం కనిపెట్టారు. అణువుకి నూనెలాంటి తోకలు తగిలిస్తారు. తోకలు అడ్డుపడి అప్పడాలు దగ్గరగా అతుక్కోలేవు, నూనె మధ్యలోకి జొరబడుతుంది. లీకులు పట్టడానికి విస్తారంగా వాడే సాల్వెంట్ ఎల్లో 43 అనే రంగుంది. నాఫ్తలిమైడ్ జాతిది. దానికి నాలుగేసి కార్బన్ల తోకలు రెండుంటాయి. సాల్వెంట్ ఎల్లో 98 అనే ఇంకో రంగుకి ఏకంగా పద్దెనిమిది కార్బన్ల తోక ఉంటుంది. పెరిలీన్ జాతికి చెందిన సాల్వెంట్ గ్రీన్ 5కీ కొమ్మల్లాంటి తోకలు రెండున్నాయి.

తోకల మహిమకి వెలగని రంగుల్లో కూడా ఒక మంచి ఉదాహరణ ఉంది. మనూళ్ళో రేషన్ షాపు కిరోసిన్ నీలంగా ఉండేది గుర్తుందా? కల్తీ పట్టుకోవడానికి వేసిన రంగది. అమెరికాలో 1990ల నుంచి పన్ను కట్టని డీజిల్‌కి ఎర్రరంగు కలుపుతున్నారు. పొలం ట్రాక్టర్లకీ ఇళ్ళ హీటింగ్‌కీ వాడేది అదే. దానికి వాడే సాల్వెంట్ రెడ్ 164కి పొడుగుతోకలు ఉన్నాయి కనుక పొడిలా కాక చిక్కటి ద్రవంగా దొరుకుతుంది. వేల గాలన్ల ట్యాంకులో అడుగు నుంచి అంచు దాకా ఒకే ఎరుపు వస్తుంది. రాకపోతే చట్టమే నడవదు, ఎందుకంటే హైవే మీద నడిచే ట్రక్కులో ఎర్రడీజిల్ దొరికితే మొదటిసారికే 1,000 డాలర్లు లేదా గాలనుకి 10 డాలర్లు, ఏది ఎక్కువైతే అది జరిమానా.

నూనెల్లోనూ కులాలున్నాయి. ఇంజన్ ఆయిల్‌కి ఆధారమైన ఖనిజతైలం వేరు, కారు ఏసీలో వాడే పాగ్ నూనె వేరు, హైబ్రిడ్ బళ్ళ ఏసీలో వాడే పీవోఈ నూనె వేరు. ఖనిజతైలానికి నీటితో అసలు పడదు, పాగ్ మాత్రం గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది. ఒకదాంట్లో చక్కగా కరిగిన రంగు ఇంకోదాంట్లో గడ్డకట్టవచ్చు. అందుకని "నూనెలో కరిగే రంగు" అని అడగడం సరిపోదు, ఏ నూనె అన్నది ముందు చెప్పాలి.

రెండవ ప్రశ్న: కరుగుతోందా, తేలుతోందా?

రంగు కొనేటప్పుడు లేబుల్ మీద పేరు కొంత చెబుతుంది. కలర్ ఇండెక్స్ అనే అంతర్జాతీయ జాబితాలో రంగులకి ఇంటిపేర్లున్నాయి. యాసిడ్, బేసిక్ అని మొదలయ్యేవి ఎక్కువగా నీళ్ళ మనుషులు. యాసిడ్ ఎల్లో 73 అంటే నీళ్ళలో కరిగే ఫ్లోరసీన్. బేసిక్ వయొలెట్ 10 అంటే రోడమిన్-బి. పిగ్మెంట్ అంటే ఎందులోనూ కరగని పొడి. సాల్వెంట్ అంటే నూనెల్లోనూ ఇతర ద్రావకాల్లోనూ కరిగేది. అంచేత మనకి కావలసినవి సాల్వెంట్ ఇంటివాళ్ళు.

అయితే ఇంటిపేరు చూసి పిల్లనివ్వకూడదు. సాల్వెంట్ గ్రీన్ 7 అనే రంగుంది, అసలు పేరు పైరానిన్. పసుపుపచ్చ హైలైటర్ పెన్నుల్లో వాడుకలో ఉన్న రంగు ఇది. ఇంటిపేరు సాల్వెంటే, కానీ దాని అణువుకి ఉప్పులాంటి గుంపులు మూడు అతికి ఉన్నాయి. నీళ్ళలో హాయిగా కరుగుతుంది, నూనెలో కరగదు. సైన్స్ ఫెయిర్ కోసం హైలైటర్ విరగ్గొట్టి వంటనూనెలో పిండితే ఎందుకు చుక్కలు చుక్కలుగా అడుగున కూర్చుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

డే-గ్లో పొడి సంగతి ఇంకో మెలిక. అందులో రంగుని ప్లాస్టిక్ లాంటి రెజిన్‌లో కరిగించి, గట్టిపడ్డాక పొడి కొడతారు. పెయింటుకి అది బంగారం. నూనెలో వేస్తే మాత్రం గంట తరువాత అడుగున పేరుకుంటుంది. కలిపిన క్షణంలో బ్రహ్మాండంగా వెలుగుతుంది, అందుకే చాలామంది భ్రమపడతారు.

కరిగిందో లేదో తేల్చుకోవడానికి ఇంట్లో చేయగలిగిన పరీక్షలు మూడున్నాయి.

ఒకటి, ఎర్ర లేజర్ పాయింటర్. చీకటిగదిలో సీసా గుండా ఎర్రకిరణం పంపండి, ఎవరి కళ్ళలోనూ పడకుండా. ఎర్రవెలుతురు పసుపు ఆకుపచ్చ రంగులని వెలిగించలేదు. అంచేత సీసాలో ఎర్రటి చార కనిపిస్తే అది కరగని రేణువుల మీంచి చెదిరిన కాంతే. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము కనిపించినట్టన్నమాట.

రెండు, కాఫీ ఫిల్టర్ కాగితం. ఒక చుక్క వేసి వదిలేయండి. నూనెతోపాటు రంగు కూడా సమంగా పాకితే కరిగినట్టు. మధ్యలో చిక్కటి బొట్టు మిగిలి చుట్టూ ఉత్త నూనె వలయం వస్తే కరగనట్టు.

మూడు, ఫ్రిజ్. రాత్రంతా ఉంచి పొద్దున్న చూడండి. వేడిలో కరిగి చల్లదనంలో విడిపోయే రంగులు చాలా ఉన్నాయి. మిన్నెసోటా చలికాలంలో కారు బయట పెట్టేవాళ్ళకి ఇది ముఖ్యం.

కరిగించే తీరు కూడా చూసుకోవాలి. పెద్ద పాత్రలో పొడి జల్లి కలిపితే ఉండలు కడుతుంది. ఉప్మారవ్వతో మనకీ అనుభవమే. కొద్దిపాటి గోరువెచ్చటి నూనెలో ముందు చిక్కగా కరిగించుకుని, వడగట్టి, ఆ చిక్కటి ద్రవాన్ని మిగతా నూనెలో కలపాలి. మెకానిక్ దగ్గర ఉండే చిన్నసీసా అలాంటి చిక్కటి ద్రవమే.

మూడవ ప్రశ్న: ఏ రంగులో వెలగాలి?

ఖనిజతైలాలు చాలావరకు తమంతట తామే బ్లాక్ లైట్ కింద నీలంగా వెలుగుతాయి. అందులో నీలంగా వెలిగే రంగు వేస్తే పాలల్లో సున్నం కలిపినట్టే, తేడా తెలియదు. పైగా లైటు నుంచి కూడా కాస్త ఊదావెలుగు వస్తుంది. మన కంటికి పట్టపగటి చూపులో 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు ఆకుపచ్చ కలిసే చోట, అన్నింటికన్నా బాగా కనిపిస్తుంది. అందుకే లీకులు పట్టే రంగులూ పగుళ్ళు పట్టే రంగులూ ఎక్కువగా పసుపుపచ్చనివే. పసుపు అద్దాల కళ్ళజోడు పెట్టుకుంటే ఊదావెలుగు అడ్డుపడి రంగు ఇంకా స్పష్టమవుతుంది.

లైటు కూడా రంగుకి తగ్గది కావాలి. విమాన తనిఖీల్లో 365 నానోమీటర్ల లైటు వాడతారు. రంగు ఆ కిరణాలని బాగా పీల్చుకోకపోతే వెలగదు. అందుకని కొన్ని మిశ్రమాల్లో రెండు రంగులు కలుపుతారు. మొదటిది అతినీలలోహితాన్ని గట్టిగా పీల్చి ఆ శక్తిని పక్కనున్న రెండవదానికి అందిస్తుంది, రెండవది పసుపుపచ్చగా వెలుగుతుంది. రిలే పరుగులో కర్ర అందించినట్టు. ఈ చేతి అందింపు జరగాలంటే రెండూ దగ్గర దగ్గరగా, సమంగా కలిసి ఉండాలి. మళ్ళీ అదే మాట.

నాలుగవ ప్రశ్న: ఎంత వేయాలి?

ఎక్కువ వేస్తే ఎక్కువ వెలుగుతుందని అనుకుంటాం. కొంతవరకు నిజమే. ఒక హద్దు దాటాక అణువులు మరీ దగ్గరైపోయి, వెలుగుగా రావలసిన శక్తిని తమలో తామే వేడిగా ఖర్చుచేసుకుంటాయి. వెలుగు తగ్గుతుంది. లోతైన సీసాలో అయితే లైటు పై పొరలోనే ఆగిపోయి అడుగుదాకా చేరదు కూడా.

పిల్లలతో చేయడానికి చక్కటి ప్రయోగం: అయిదు చిన్న సీసాలు తీసుకోండి. మొదటిదాంట్లో చిక్కటి రంగునూనె. రెండవదాంట్లో దానికి సమానంగా ఉత్త నూనె కలిపి సగం చిక్కదనం. మూడవదాంట్లో అందులో సగం. అలా అయిదు. ప్రతిదాంట్లోంచి ఒక చుక్క గాజుపలక మీద పలచగా నొక్కి చూడండి. సీసాల్లో ఏది బాగా వెలిగిందో, పలచటి పొరలో ఏది బాగా వెలిగిందో రాసుకోండి. రెండు జవాబులూ ఒకటి కాకపోవచ్చు. ఆ తేడా దగ్గరే ఈ విద్య అంతా ఉంది.

అయిదవ ప్రశ్న: నిలుస్తుందా?

ఇప్పుడు మన పసుపు దగ్గరికి వద్దాం. అరచెంచా పసుపు నీళ్ళలో వేస్తే అడుగున పేరుకుంటుంది. గోరువెచ్చటి వంటనూనెలో వేసి కాఫీ ఫిల్టర్‌లో వడగడితే బంగారురంగు నూనె కిందికి దిగుతుంది. బ్లాక్ లైట్ కింద ఆకుపచ్చ కలిసిన పసుపుగా వెలుగుతుంది. అందులోని కర్‌క్యుమిన్ నూనెలో కరిగే ప్రతిదీప్త రంగు. పోపులో పసుపు వేస్తే కూర అంతా సమంగా పట్టడానికి కారణం ఇదే. మొదటి మూడు ప్రశ్నల్లోనూ పసుపు పాసయ్యింది.

మరి మెకానిక్ పసుపు ఎందుకు వాడడు? జవాబు మన అమ్మమ్మలకి తెలుసు. చీర మీద పసుపు మరక పడితే తడిపి ఎండలో ఆరేస్తే పోతుంది. అంటే ఎండకి కర్‌క్యుమిన్ నిలవదు. ఇంకోటి, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది. అంటే క్షారం తగిలితే రంగు మారిపోతుంది. ఇంజన్ ఆయిల్‌లో ఆమ్లాలని విరిచేందుకు క్షారగుణం ఉన్న పదార్థాలు కలుపుతారు. అందులో పసుపు గతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఇంజన్ వేడి సంగతి సరేసరి.

కాబట్టి రంగుకి వేడి, వెలుతురు, క్షారం అనే మూడు పరీక్షలు తప్పవు. పెరిలీన్, నాఫ్తలిమైడ్ జాతులు వాడుకలో నిలిచింది వీటికి ఓర్చుకోవడం వల్లే. విమాన తనిఖీల్లో వాడే రంగునూనెలకి వేడికి ఎంత వెలుగు పోతుంది, బ్లాక్ లైట్ కింద ఎంత పోతుంది అని కొలిచే ప్రమాణాలు ఉన్నాయి.

ఆరవ ప్రశ్న: చివరికి ఎక్కడ చేరుతుంది?

ఇది తల్లిదండ్రులకి. పరిశ్రమ రంగులు తిండిలోకి రాకూడదు. ప్రయోగానికి వాడిన గిన్నె, చెంచా మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. అందంగా మెరిసే రంగు తిండిలోకి చేరితే ఏమవుతుందో ఇండియా చూసింది. రోడమిన్-బి కలిసిన పీచుమిఠాయి అమ్మకాన్ని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు నిషేధించింది, మార్చిలో కర్ణాటక కూడా ఆ రంగు మీద చర్య తీసుకుంది. నూనెలో కరిగే సుడాన్ రంగులు కారప్పొడిలో దొరికి 2003లో యూరప్ హెచ్చరికలు జారీ చేసింది, 2005లో బ్రిటన్‌లో వందల రకాల ఆహారపదార్థాలు దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. మిరపకారం నూనె పదార్థం కనుక ఆ రంగు అందులో సమంగా కరిగి, కంటికి కల్తీ తెలియకుండా చేసింది. సమంగా కరగడం అనే గుణం మంచివాడి చేతిలో ఒకలా, మోసగాడి చేతిలో ఇంకోలా పనిచేస్తుంది.

పిల్లల ప్రయోగాలకి పసుపు, ఆలివ్ నూనె చాలు. పాలకూర నలిపి రబ్బింగ్ ఆల్కహాల్‌లో నానబెట్టి బ్లాక్ లైట్ వేస్తే పత్రహరితం ఎర్రగా వెలుగుతుంది, చూసితీరాలి. ఆల్కహాల్ మండుతుంది కనుక స్టవ్‌కి దూరంగా, పెద్దవాళ్ళ సమక్షంలో చేయించండి. బ్లాక్ లైట్‌ని సూటిగా చూడనివ్వకండి.

మీ కారు సంగతి

నాలుగు మాటలు. చాలా కార్ల ఏసీలో ఫ్యాక్టరీలోనే రంగు వేసి ఉంటుంది. కొత్తగా వేసేముందు లైటు వేసి చూడమనండి. వేయవలసి వస్తే మామూలు కారు ఏసీకి పావు ఔన్సు ప్రాంతంలో సరిపోతుంది, ఎక్కువైతే నూనె పాళ్ళు చెడతాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బళ్ళలో కంప్రెసర్ కరెంటు మోటారుతో నడుస్తుంది. చుట్టూ ఉన్న నూనె కరెంటుని ఆపాలి. పాగ్ నూనెలో కరిగించిన రంగు అందులోకి వెళితే ఆ నిరోధం దెబ్బతింటుంది. మీ బండి మాన్యువల్ ఏ నూనె అంటుందో, సీసా మీద ఏ నూనె అని ఉందో రెండూ పోల్చి చూడండి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే మెకానిక్ కూడా మిమ్మల్ని కాస్త గౌరవంగా చూస్తాడు.

రంగు పని రంగు చేసింది, మరి కన్ను?

1989 జులై 19న డెన్వర్ నుంచి షికాగో వెళుతున్న యునైటెడ్ విమానం 232లో తోకభాగంలోని ఇంజన్ ఫ్యాన్ డిస్క్ పగిలిపోయింది. ముక్కలు తగిలి మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. పైలట్లు మిగిలిన రెండు ఇంజన్ల వేగం మార్చుతూ విమానాన్ని అయోవా రాష్ట్రంలోని సూ సిటీ దాకా తెచ్చారు. అందులో ఉన్న 296 మందిలో 112 మంది చనిపోయారు. దర్యాప్తులో తేలిందేమిటంటే, ఆ టైటానియం డిస్క్‌లో తయారీనాటి లోపం దగ్గర పుట్టిన పగులు ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చింది. ఆ డిస్క్‌ని వెలిగే రంగునూనెతో అంతకుముందు ఆరుసార్లు పరీక్షించారు. ఆఖరి పరీక్ష ప్రమాదానికి 760 ప్రయాణాల ముందు జరిగింది. అప్పటికే పగులు పైకి దాదాపు అర అంగుళం పొడుగుంది.

ఇంకా మనసుని కలచివేసే విషయం: పగిలిన ముక్కని ప్రయోగశాలలో పరిశీలిస్తే, పగులు లోపల తనిఖీ నూనెలో ఉండే రసాయనపు జాడ దొరికింది. అంటే నూనె పగుల్లోకి వెళ్ళింది. కంటికి మాత్రం దొరకలేదు. మనిషి పరిమితులని తనిఖీ విధానం తగినంతగా పట్టించుకోలేదని దర్యాప్తు సంస్థ రాసింది. 1996 జులై 6న ఫ్లోరిడాలోని పెన్సకోలాలో డెల్టా విమానం 1288 ఇంజన్ హబ్ పగిలి ఒక తల్లీ, బిడ్డా చనిపోయినప్పుడు కూడా ఇలాంటి తనిఖీలోనే పగులు తప్పిపోయిందని తేలింది.

అందుకే ఈ తనిఖీ గదుల్లో నియమాలు కఠినంగా ఉంటాయి. లోపలికి వెళ్ళాక కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా పరీక్ష మొదలుపెట్టకూడదు. ఎండకి నల్లబడే కళ్ళజోళ్ళు పెట్టుకోకూడదు, బ్లాక్ లైట్‌కి అవి కూడా నల్లబడతాయి కనుక. లైటు బలం, రంగునూనె వెలుగు క్రమం తప్పకుండా కొలవాలి. తెలిసిన పగుళ్ళున్న నమూనా పలక మీద పరీక్షించి, అవన్నీ కనిపించాకే అసలు భాగాన్ని చేతిలోకి తీసుకోవాలి. నేను చూసిన చోట ఒకాయన ముప్ఫయ్యేళ్ళుగా ఆ చీకటిగదిలో పనిచేస్తున్నారు. "పొడుగ్గా పడుకుని కనిపించే గీత కోసం వెతకను, ఇక్కడ ఏమీ లేదని నాకు నేను నమ్మకంగా చెప్పుకోగలనా అని చూస్తాను" అన్నారు. ఆ మాట సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్ళందరూ గోడకి అంటించుకోవలసిందే.

మంచి రంగు ఎంచుకుంటే పగులు వెలుగుతుంది. వెలిగినదాన్ని చూడడానికి ఓపికున్న మనిషి, తగినంత సమయం, శుభ్రమైన గది కావాలి. మొదటిది రసాయన శాస్త్రం చూసుకుంటుంది. రెండవది మన ఇష్టం మీద ఉంటుంది, దానికి సంస్థలు డబ్బూ సమయమూ కేటాయించాలి.

ఈ శనాదివారాల్లో పిల్లలతో కలిసి పసుపునూనె వడగట్టి చూడండి. ఎర్ర లేజర్ పరీక్ష, ఫ్రిజ్ పరీక్ష కూడా చేయించండి. ఏమైందో మన రేడియోకి ఫోన్ చేసి పిల్లల చేతే తెలుగులో చెప్పించండి. వినాలని ఉంది.

ఉంటాను, శెలవు.